తాళము వేసిన రెండేండ్లు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల ఇంటర్మీడియట్ విద్యామండలుల కార్యదర్శివర్యులకు,

ఆర్యులారా,

ఏటేట మీరు ప్రకటించు ఫలితములను గూర్చియు, ప్రశ్నపత్రములలోని తప్పొప్పులను గూర్చియు, మార్కుల పునఃపరిశీలనను గూర్చియు మీ కార్యాలయములకు వచ్చు ఉత్తరములకు లెక్కయుండదు. ఈ ఉత్తరము వానిలోనిది కాదు. పదియవ తరగతి ముగించుకొని పదునైదవయేటనో పదునారవయేటనో మీ యేలుబడిలోనికి వచ్చి, పదునెనిమిదవయేటి గడపమీద మిమ్ము వీడిపోవు బాలబాలికలు, ఆ నడిమి రెండేండ్లలో గణితముతోను రసాయనశాస్త్రముతోను పాటు నేర్వవలసినదియు, ఏ ప్రశ్నపత్రమునను కానరానిదియు నగు విద్య యొకటి కలదు. పెద్దలు చెంతలేని వేళ తన్ను తాను కాచుకొనుచు మెలగుటయే ఆ విద్య. దానిని నేర్చుటకు తగిన వయస్సునకు మన రెండు రాష్ట్రములందును వేలకొలది కుటుంబములు డబ్బు చెల్లించి మరీ తాళము వేయించుచున్నవనియు, ఆ తాళము రక్షణ కాదనియు, దానిని సడలించు అధికారము కొంతవరకు మీ చేతులలో నున్నదనియు విన్నవించుటకే ఈ లేఖ వ్రాయుచున్నాను.

నేను చాలకాలము ప్రభుత్వ జూనియరు కళాశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసికొన్నవాడను. ఒక కుమార్తెను, ఒక కుమారుని ఆ వయస్సు దాటించిన తండ్రిని. ఇపుడు మనుమరాలు పదియవ తరగతి చదువుచున్నది గనుక, ఇంట ప్రతి సాయంకాలమును ఏ కళాశాల, ఏ బ్యాచి, ఏ హాస్టలు అను చర్చయే నడచుచున్నది. నేను వ్రాయుదానిలో తాతగారి చాదస్తము కొంత యుండిన నుండవచ్చును. దానిని మన్నించి మిగిలినది చదువుడు.

ఉమ్మడి రాష్ట్రమున 1971లో మండలి నెలకొన్ననాటికి, పల్లెటూరి పిల్లవాడు ఇంటర్మీడియట్ చదువవలెనన్న తాలూకా కేంద్రమునకు పోయి, ఇద్దరు ముగ్గురు తోటివారితో గలిసి గది యొకటి అద్దెకు దీసికొని, కిరసనాయిలు పొయ్యిమీద అన్నము వండుకొనుటయో, ఊరినుండి ఉదయపు బస్సులో వచ్చు క్యారియరు కొరకు బస్టాండులో కాచుకొనియుండుటయో చేసెడివాడు. ఇంటినుండి వచ్చిన పైకము ఇరువదవ తేదీకే యైపోయినచో మిగిలిన దినములు ఎట్లు నెట్టుకొని రావలెనో వానికి ఏ అధ్యాపకుడును బోధింపలేదు, వాడే నేర్చుకొనెను. ఆ గదులలో చెడినవారును లేకపోలేదు. పేకాట మరగి పరీక్ష తప్పినవారిని నేనెరుగుదును. కావున ఆ కాలమును స్వర్ణయుగమని కీర్తింపబోను. అయితే ఇంటి యజమానురాలి కన్ను, వీథిమొగలోని కిరాణాకొట్టువాని కన్ను, శనివారము ఊరికి పోయినపుడు తల్లి కన్ను వానిమీద నుండెడివి. ఆ కన్నుల నడుమ వానికి తిరుగాడుటకు చోటును ఉండెడిది.

ఇప్పటి మాట చూడుడు. విజయవాడ చుట్టుపట్లను, హైదరాబాదు శివారులలోను, విశాఖపట్టణమునను, గుంటూరు నెల్లూరులలోను బహుళాంతస్తుల భవనములలో నడచు రెసిడెన్షియల్ కళాశాలలలో, తెల్లవారకమునుపే లేచినది మొదలు రాత్రి స్టడీ అవరు ముగిసి దీపములారునంతవరకు ఏ గడియకు ఏమి చేయవలెనో విద్యార్థికి గోడమీద వ్రాసియుండును. ఏమి తినవలెనో, ఎప్పుడు స్నానము చేయవలెనో, ఏ పుస్తకము ఎన్నవ గంటకు తెరువవలెనో నిర్ణయించుకొను శ్రమ వానికి లేదు. చేత డబ్బుండదు, ఉన్నను గేటు దాటి ఖర్చుపెట్టుటకు వీలులేదు. ఫోనుండదు. ఔటింగు ఎప్పుడో యొకమారు, అదియు తల్లియో తండ్రియో వచ్చి పుస్తకములో సంతకము చేసిననే. ఆదివారమునాడు గేటు బయట చెట్టునీడను పులిహోర డబ్బాలతోను, ఉతికిన బట్టల సంచులతోను నిలిచియున్న తల్లిదండ్రులను చూచిన క్రొత్తవానికి అది విద్యాలయమని వెంటనే తోచదు.

దీనికి యాజమాన్యములనే తప్పుపట్టుట న్యాయము కాదు. అడ్మిషను వేళ మనము అడుగు మొదటి ప్రశ్న ర్యాంకులను గూర్చినదైన, రెండవది ‘కట్టుదిట్టంగా ఉంటుందా?’ అనునది, ఆడపిల్ల యైనచో అదియే మొదటి ప్రశ్న. ఫోనియ్యరనిన సంతోషింతుము, గేటు తీయరనిన మరింత సంతోషింతుము. పిల్లవానితో సెల్‌ఫోను విషయమై రేయింబవళ్లు పోట్లాడి యలసిన తండ్రి, ఆ పోట్లాటను సంవత్సరమునకింతయని ఫీజు చెల్లించి పరులకు అప్పగించుచున్నాడు. పోట్లాట ఆగినది నిజమే. దానివలన తెగవలసిన లెక్క మాత్రము తెగలేదు: ఫోనును ఎంతసేపు పట్టుకొనవలెను, ఎప్పుడు క్రింద పెట్టవలెను, దానిలోనుండి పలుకరించు అపరిచితునికి ఏమని బదులీయవలెను అనునవి రెండేండ్ల తరువాతికి వాయిదాపడినవి.

ఆ రెండేండ్లును గడచి, ఈఏపీసెట్టో జేఈఈయో నీటో ముగిసిన మరునాడు తండ్రి ముచ్చటపడి స్మార్టుఫోను కొనియిచ్చును. కొలది మాసములకే ఆ పిల్లవాడు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, వేలూరులోనో, ఖరగ్‌పూరులోనో ఉండును. చేత ఫోను, ఫోనులో బ్యాంకు, తలుపు మూసికొనుటకు గడియ, ఎక్కడికని ప్రశ్నించువారు లేని రాత్రులు. పదునారవయేట నూరు రూపాయలు పోగొట్టుకొని నేర్వవలసిన పాఠమును వాడు పందొమ్మిదవయేట ఆన్‌లైను బెట్టింగులో సెమిస్టరు ఫీజు పోగొట్టుకొని నేర్చును; ఆ లోటు పూడ్చుటకు అప్పులిచ్చు యాపులలో నేదో యొకదానిని దింపుకొని, తన ఫోనులోని బంధుమిత్రుల సంఖ్యలన్నియు ఆ యాపువారి చేతికిచ్చును. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను డబ్బు పందెముల ఆన్‌లైను ఆటలను నిషేధించినవి. 2025లో పార్లమెంటు దేశమంతటికిని చట్టము చేసినది. చట్టము కావలసినదే. కాని నిషిద్ధమైన వస్తువు వేరొక పేరుతో చేతిలోనికి వచ్చినపుడు దానిని గుర్తించి త్రోసివేయు వివేకము చట్టమువలన రాదు. అది కొంచెము కొంచెముగా స్వేచ్ఛ ననుభవించి, కొంచెము కొంచెముగా దెబ్బతినియు తేరుకొనిన వానికే అలవడును.

కాలువగట్టు ఊళ్లలో మాకు ఈత నేర్పిన పెద్దలు, ఎండిన సొరబుర్ర నడుమునకు గట్టి నీటిలో దింపి, మొదట గడ్డము క్రింద చేయియుంచి, పిదప చేయి దీసి, కొన్నాళ్లకు బుర్ర విప్పించి, ఆ తరువాత గట్టుమీద కూర్చుండి చూచుచుండెడివారు. రెండేండ్లు నీటివంక చూడనీయక మూడవయేట వరదకాలువలోనికి త్రోయుట వారిలో ఎవరికిని తోచలేదు.

మన చట్టములే ఈ క్రమము నంగీకరించుచున్నవి. పదేండ్లు నిండిన బాలలు తమ పొదుపుఖాతాను తామే నడుపుకొనుటకు బ్యాంకులు అనుమతింపవచ్చునని రిజర్వుబ్యాంకు 2014లోనే తెలిపినది. పదునాలుగు దాటినవారు ప్రమాదకరముకాని పనులు చేయుటకు చట్టము అడ్డురాదు. పదునారు నిండినవారు 50 సీసీకి మించని గేరులేని బండికి లైసెన్సు పొందవచ్చును. పదునెనిమిదికి ఓటు, అదియు 61వ రాజ్యాంగ సవరణ 1989లో అమలులోనికి వచ్చిన పిదపనే, అంతకుమునుపు ఇరువదియొకటి. శాసనకర్తలు బాగుగా నాలోచించి స్వేచ్ఛను విడతలుగా పంచిరి; మనము మాత్రము పదునైదునుండి పదునెనిమిదివరకు సున్న, ఆపైని సర్వము అను లెక్కను కల్పించుకొంటిమి. పుత్రుడు పదునారవయేట నడుగిడగానే వానిని మిత్రునివలె చూడవలెనను సంస్కృతనీతిని మనము విసుగుపుట్టునంతగా వల్లించుచుందుము. చెప్పినవారు కుమార్తెను మరచిరి. అది వారి కాలపు దోషము. మన దోషమేమనగా, సరిగా ఆ పదునారవయేటనే పిల్లవానిని తండ్రికిని మిత్రునికిని గూడ కనబడనిచోట నుంచితిమి.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి పార్వతీశము మొగలితుర్రు విడిచి, ఇంట చెప్పకయే ఇంగ్లండునకు బయలుదేరి, త్రోవపొడుగునను పడిన పాట్లకు తెలుగువారు 1924 నుండి నవ్వుచునేయున్నారు. వానికి తెలివి తక్కువ కాదు. తన యూరు దాటిన లోకముతో పరిచయము లేదు, అంతియే. గురజాడవారి ‘కన్యాశుల్కము’లోని వెంకటేశము కథ వేరు. అగ్నిహోత్రావధానులు కొడుకును ఇంగ్లీషు చదువునకై విజయనగరము పంపి, డబ్బు పంపుటతో తన వంతు తీరినదనుకొనెను. కొడుకు చుట్టత్రాగుట ఎవరియొద్ద నేర్చుచున్నాడో ఆయనకు తెలియదు. అవధానిగారు కఠినుడు కాడా? కోపమునకు పెట్టినది పేరు. ఆ కోపమే కొడుకు నోరు గట్టినది. కట్టిన ఆ నోటిని ఆసరా చేసికొనియే, ఆ చుట్ట నేర్పిన గిరీశము గురువు వేషమున ఇంటిలోనికి వచ్చి విస్తరిముందు కూర్చుండెను.

ఇక్కడనే అసలు విషయమున్నది. బిడ్డ ఎక్కడ, ఎవరితో, ఏమి చేయుచున్నాడో తల్లిదండ్రులకు తెలిసియుండుట ఆ బిడ్డ క్షేమమునకు తోడ్పడునని మనస్తత్త్వశాస్త్రవేత్తలు చాలకాలముగా చెప్పుచుండిరి. దానినిబట్టి, కాపలా కాచిన చాలునని లోకము తలచినది. స్వీడన్ దేశమున హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అను పరిశోధకులు పదునాలుగేండ్ల పిల్లలను, వారి తల్లిదండ్రులను ప్రశ్నించి 2000వ సంవత్సరమున ప్రకటించినదానిలో తేలినది వేరు. తల్లిదండ్రులకు తెలిసినదానిలో హెచ్చుభాగము వారు గ్రుచ్చి గ్రుచ్చి అడిగియో, ఆంక్షలు పెట్టియో రాబట్టినది కాదు. పిల్లలు తమంత తాము వచ్చి చెప్పినది. కాపలా గొప్పదనము కాదది, చెప్పుకొనుటకు ఇంట చోటుండుట. స్వీడన్ సంగతి మనకేల యనువారికి మన వీథిలోని సంగతియే చెప్పెదను.

ట్యూషనునుండి వచ్చు త్రోవలో ఒకడు వెంటబడుచున్నాడని ఆడపిల్ల తల్లితో చెప్పును. తల్లి తండ్రితో చెప్పును. రాత్రికి రాత్రియే తీర్మానము జరుగును: ట్యూషను మాన్పించవలెను. వెంటబడినవాడు వీథిలోనే తిరుగుచుండును; ఇంట పడియుండవలసినది చెప్పిన పిల్ల. ఇట్టి తీర్పు విన్న బాలిక దానినుండి నేర్చుకొనునది ఒక్కటే: ఇంకొకమారు చెప్పరాదు. మరుసటియేడు ఇన్‌స్టాగ్రాములో పరిచయమైనవాడు ఆమె ఫోటోను మార్ఫింగు చేసి, డబ్బీయకున్న అందరికిని పంపుదునని బెదిరించిననాడు, ఆమె తల్లివద్దకు పోదు. అమ్మమ్మ ఇచ్చిన చెవిదుద్దులను అమ్ముటకు పోవును. మగపిల్లవాడు వీడియోకాలు వలలో చిక్కిననాడు వాడును అంతే చేయును. తండ్రి తిట్లకు వెరచి మోసగానికి డబ్బు కట్టును. సైబరు నేరములకు 1930 అను సంఖ్య కలదు. పోయిన డబ్బును నడుమనే నిలిపివేయవలెనన్న వెంటనే ఫోను చేయవలెను, జాగు చేసినకొలది ఆశ తగ్గును. బాలలకు 1098 కలదు. హైదరాబాదున 2014లో మొదలైన షీ టీములను పోలీసు బృందములు ఫిర్యాదు చేసినవారి పేరు గోప్యముగా నుంచును. ఇన్ని యున్నను, ఈ సంఖ్యలన్నిటికంటె ముందుగా ఇంట ఒక మాట వెలువడవలెను: ‘అమ్మా, ఇట్లా జరిగింది.’ ఆ మాటను శిక్షించు ఇంట బిడ్డకు రక్షణ లేదు, కిటికీలకు ఎన్ని యినుపచువ్వలు బిగించినను లేదు. చెప్పినందుకు శిక్షయుండదనియు, చెప్పినపుడు మొదట చేయునది సాయమే కాని విచారణ కాదనియు పిల్లలకు పదేపదే తెలియజెప్పుట, తెలియజెప్పిన పిదప ఆ మాటను నిలుపుకొనుట, తల్లిదండ్రుల పనులలోకెల్ల కష్టమైనదని నా యెరుక. కోపము వచ్చితీరును, దానిని మింగవలెను.

ఇపుడు హాస్టలునకు వత్తము. వారమునకొకమారు వార్డెను బల్లమీది ఫోనునొద్ద వరుసలో నిలిచి, వెనుకవారు తొందరపెట్టుచుండగా, వార్డెను వినుచుండగా, కొన్నిచోట్ల స్పీకరు పెట్టియుండగా, పిల్లవాడు ఇంటితో మాటాడును.

‘తిన్నావా నాన్నా?’

‘తిన్నాను.’

‘ఒంట్లో బాగుందా?’

‘బాగుంది.’

‘వీకెండు టెస్టులో ఎన్నొచ్చాయి?’

అంతటితో వాని వంతు ముగియును. అన్నములో పురుగు వచ్చినదనియు, గదిలోని బలశాలి యొకడు కొట్టుచున్నాడనియు, లెక్కల సారు అందరిముందు అవమానించెననియు, రాత్రులు నిద్రపట్టుటలేదనియు, బ్రతుకు మీద ఆశ తప్పుచున్నదనియు ఆ ఫోనులో ఎవడు చెప్పగలడు? చెప్పుకొను దారియే క్షేమమునకు మూలమైనపుడు, ఆ దారిమీదనే కాపలా పెట్టి దానికి రక్షణయని పేరిడుట వింత.

విశాఖపట్టణమునకు నీట్ శిక్షణకై వచ్చి హాస్టలులో నుండిన పదునేడేండ్ల బాలిక 2023లో మరణించిన కేసున సర్వోన్నత న్యాయస్థానము 2025 జూలైలో తీర్పు చెప్పుచు, దేశమందలి విద్యాసంస్థలకు 15 మార్గదర్శకములు విధించినది. నూరుగురు, ఆపైని విద్యార్థులున్నచోట అర్హతగల కౌన్సెలరు ఒకరైన నుండవలెననియు, మార్కులనుబట్టి పిల్లలను బ్యాచులుగా విడదీయరాదనియు, వేధింపులపై ఫిర్యాదులకు గోప్యమైన ఏర్పాటుండవలెననియు అందుగలదు. కేసు మన గడ్డనుండి పోయినది. తీర్పు మొదట మన గడపలలోనే నెరవేరవలెను. అంతకుమునుపే ఉమ్మడి రాష్ట్రమున 2001లో నీరదారెడ్డి సంఘము, ఆంధ్రప్రదేశమున 2017లో చక్రపాణి సంఘము ఈ కళాశాలల స్థితిగతులను పరిశీలించినవి. పదునారేండ్లలోపువారిని చేర్చుకొనరాదనియు, దినమునకు ఐదు గంటలకు మించి తరగతులు జరుపరాదనియు కేంద్రప్రభుత్వము 2024 జనవరిలో కోచింగు కేంద్రములకు మార్గదర్శకములిచ్చినది. మనవద్ద కోచింగు కళాశాల పేరుపలక క్రిందనే నడచును గనుక ఆ మాట మనకు తగులక ప్రక్కగా పోయినది. నివేదికలకు మనకెన్నడును కరవులేదు.

భయమునకు మరియొక రూపము కూడ గలదు. అది హాస్టలు ఫీజు కట్టలేని యిండ్లలోనిది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఇరువదినుండి ఇరువదినాలుగేండ్ల నడిమి స్త్రీలలో పదునెనిమిది నిండకమునుపే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29.3 మంది, తెలంగాణలో 23.5 మంది. పేదరికము దీనికి కారణమగుట నిజము. కాని ఆ తల్లిదండ్రులతో మాటాడినచో కట్నముకంటె ముందు వినవచ్చు మాట వేరు: ‘రోజులు బాగాలేవండీ, ఏదైనా జరిగితే?’ కళాశాలకు రెండు బస్సులు మారి పోవలసిన పిల్లకు ఏదైన జరుగునేమోయని వెరచి, ఇంటర్ రెండవ సంవత్సరము నడుమ చదువు మాన్పించి, ముక్కుమొగము తెలియని ఇంటికి పంపుదురు. అక్కడ ఏమి జరుగునోయని మాత్రము వెరవరు. గేటుమీద నమ్మకముంచినవారును, మంగళసూత్రముమీద నమ్మకముంచినవారును ఒకే భయముతో పోవుచున్నారు. ఆ పిల్ల పోవు వేళకు ఒక బస్సు వేయించుట, బస్టాపులో ఒక దీపము పెట్టించుట ఈ రెండింటికంటెను చవుక.

విచిత్రమేమనగా, ఆడపిల్లను వీథి చివరి దుకాణమునకు పంపని తండ్రియే మగపిల్లవాడు పదియవ తరగతి నెగ్గెనని మోటారుసైకిలు తాళము చేతికిచ్చును. మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ ప్రకారము, మైనరు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకునికి మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు వచ్చువరకు లైసెన్సు రాదు. స్వేచ్ఛను సమర్థించు నాకు ఈ కాఠిన్యముతో పేచీ లేదు. కారు నడుపు కంప్యూటరు ఆటతో అమెరికాలో గార్డనర్, స్టైన్‌బర్గ్ అనువారు చేసి 2005లో ప్రకటించిన ప్రయోగమున, ఒంటరిగా ఆడినప్పటికంటె తోటివారు చూచుచుండగా కౌమారవయస్కులు హెచ్చు తెగింపునకు పాల్పడిరి. పెద్దవారిలో ఆ భేదము అంతగా కానరాలేదు. ముగ్గురెక్కిన బండిమీద పదునారేండ్ల వాని బుద్ధి వానిదిగా నుండదు. అట్లే, పదునెనిమిదేండ్లలోపువారి సమ్మతి 2012 నాటి పోక్సో చట్టము దృష్టిలో సమ్మతి కాదని, ప్రేమయనుకొన్నది కారాగారమునకు దారితీయగలదని కొడుకునకు సిగ్గువిడిచి చెప్పవలసినవాడు తండ్రియే; సినిమా చెప్పదు, హాస్టలు చెప్పదు. కావున నేను కోరునది పగ్గములు విడిచిపెట్టుట కాదు. ప్రాణమునకు, మానమునకు, చట్టమునకు సంబంధించినచోట కట్టడి యుండవలెను. జుట్టు, బట్ట, ఆదివారపు సాయంకాలము, జేబులోని నూరు రూపాయలు, తలుపు మూసికొని తల్లితో మాటాడుట అనువానియందు వానికి చోటీయవలెను. మన యేర్పాటు తలక్రిందులుగా నున్నది.

కళాశాల ప్రిన్సిపాళ్లు దీనికి చెప్పు సమాధానము నాకు తెలియును, వారిలో కొందరు నా పూర్వసహచరులే: ‘బయటికి పంపిననాడు ఏదైనా జరిగితే జవాబుదారీ ఎవరండీ?’ ఇది దాటవేతకు అడిగిన ప్రశ్న కాదు. ఒక కళాశాల గేటు సడలించినచో, తల్లిదండ్రులు మరుసటియేడు సడలింపని కళాశాలకు పోవుదురు. కట్టుదిట్టములో నొకరినొకరు మించుటయే వారి వ్యాపారమునకు అవసరమైనది. పోటీలో నున్నవాడు తానొక్కడే ఆయుధము దింపలేడు. అందరికిని ఒక్కమారుగా దింపుమని చెప్పగలిగినది అఫిలియేషను ఇచ్చు మండలియే. ఈ లేఖ యాజమాన్యములకు గాక మీకు వ్రాయుటకు కారణమదియే.

హాస్టలు నడుపు ప్రతి కళాశాలయు, విద్యార్థి దినమునకు కొన్ని నిమిషములైన, ఎవరును వినని చోట ఇంటితో మాటాడుకొను వీలు కల్పింపవలెనని అఫిలియేషను షరతులలో చేర్చుడు; నా కోరికలలో ఇది మొదటిది, మిగిలినవన్నియు త్రోసివేసినను దీనిని త్రోసివేయకుడు. రెండవ సంవత్సరపు విద్యార్థులకు, తల్లిదండ్రుల వ్రాతపూర్వకమైన అంగీకారముతో, ఆదివారము పగటిపూట ఇద్దరు ముగ్గురు కలిసి బయటికి పోయి, చెప్పిన వేళకు తిరిగివచ్చు ఔటింగు నియ్యుడు. వేళ తప్పినవానికి మరుసటి వారము లేదు, వేళకు వచ్చినవానికి మరికొంత వ్యవధి. సమయపాలనము నేర్పుటకు ఇంతకంటె మంచి పాఠ్యాంశము నాకు తోచలేదు. విద్యార్థుల ఫిర్యాదుల పెట్టె తాళపుచెవి వార్డెనువద్ద గాక జిల్లా ఇంటర్మీడియట్ విద్యాధికారివద్ద నుండవలెను. 1098, అత్యవసరసాయమునకు 112, మానసికమైన బాధలో మాటాడుటకు 2022 నుండి నడచుచున్న టెలీ మానస్ 14416 అను సంఖ్యలను ర్యాంకుల ఫ్లెక్సీలంత పెద్ద అక్షరములతో భోజనశాల గోడమీద వ్రాయింపుడు. ఫోనే లేనివానికి ఈ సంఖ్యలవలన ప్రయోజనమేమియని మీరు అడిగినచో, మొదటి కోరికను మరల చదువుడని మనవి. తనిఖీకి వచ్చు అధికారి ప్రయోగశాలలోని పరికరములను లెక్కించినట్లే, సిబ్బందిని వెలుపలికి పంపి పదిమంది పిల్లలతో ఒక గంట కూర్చుండవలెను. ఇక తల్లిదండ్రుల సమావేశములలో ఒక్కటైనను మార్కుల ప్రసక్తి లేకుండ జరుగవలెను. ఆ సమావేశమున మాటాడుటకు ఏమియు దొరకక మనము ఒకరి మొగము లొకరము చూచుకొందుమేమో, అదియు తెలిసికొనదగినదే.

ఈ లేఖ చదువు తల్లిదండ్రులకును ఒక మాట. మండలి కదలునంతవరకు వేచియుండనక్కరలేదు. పదియవ తరగతి పరీక్షలు ముగిసిన వేసవిలో, పిల్లనుగాని పిల్లవానిని గాని పినతల్లి ఊరికి ఆర్టీసీ బస్సులో ఒంటరిగా పంపుడు. గంటగంటకు ఫోను చేయక, చేరగానే చెప్పుమనుడు. వారి పేర బ్యాంకుఖాతా తెరిపించి, నెలకింతయని వేసి, అది పదవ తేదీకే యైపోయిన మరల వేయక ఊరకుండుడు. అన్నము వండుట, చొక్కా ఉతుకుకొనుట, జ్వరము వచ్చిన డాక్టరుతో తమ బాధ తామే చెప్పుకొనుట నేర్పుడు. ఇవి కొడుకులకు మరింత అవసరము, ఏలయనగా కూతుళ్లకు సగము ఇప్పటికే మెడమీద వేసియుంచితిరి. కళాశాలలో చేర్చునపుడు కట్టుదిట్టముగా నుండునాయని కాక, మా అమ్మాయి మాతో ఒంటరిగా మాటాడవలెనన్న ఎప్పుడు మాటాడగలదని అడుగుడు. పదిమంది తల్లిదండ్రులు ఈ ప్రశ్న అడిగిన కళాశాలలో పదునొకండవవానికి సమాధానము సిద్ధముగా నుండును.

కార్యదర్శివర్యులారా, రాబోవు విద్యాసంవత్సరపు అఫిలియేషను ఉత్తర్వులు వెలువడకముందే, ఏకాంతముగా ఇంటికి ఫోను చేసికొను హక్కును, రెండవ సంవత్సరపు వారికి ఆదివారపు ఔటింగును షరతులలో చేర్చి, రెండు రాష్ట్రములందును ఒకే దినమున ప్రకటింపుడని ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపన్యాసకుడు